ఒక పని, వేయి యంత్రాలు – పూచీ ఎవరిది?

(బెల్లంకొండలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "కంప్యూటర్ గ్రిడ్లు – సేవా నాణ్యత". డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకోవలసిన సభలో ఇదేమిటని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లల్లో చాలామంది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో చేస్తున్న పని ఇలాంటిదే. ఏం చేస్తున్నావురా అని అడిగితే "చెప్పినా మీకు అర్థం కాదులే నాన్నా" అంటారు. అర్థం కానిదేమీ కాదు. పైగా మన పింఛను, మన లైఫ్ సర్టిఫికెట్టు ఇప్పుడు పదిచోట్ల ఉన్న కంప్యూటర్ల మీదుగా నడుస్తున్నాయి. అవి ఎక్కడ ఆగుతాయో, ఎందుకు ఆగుతాయో తెలుసుకోవడం మన అవసరం కూడా. అందుకని ఒప్పుకున్నాను.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. గ్రిడ్ అన్నమాట మాకు అన్నం పెట్టిన మాట. కంప్యూటరు వాళ్లు ఆ పేరును మా దగ్గరే తీసుకున్నారు. 1998లో ఇయాన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు "ద గ్రిడ్" అన్న పుస్తకాన్ని సంపాదకులుగా వెలువరించారు. ఇంట్లో స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది. ఆ కరెంటు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను నుంచి వచ్చిందా, నాగార్జునసాగర్ నుంచి వచ్చిందా అని మనం అడగం. అలాగే లెక్కలు చేసే శక్తి కూడా ఎక్కడి యంత్రం నుంచైనా, అవసరమైనవాడికి అవసరమైనంత అందాలన్నది వాళ్ల ఆశ. విశ్వవిద్యాలయాలలో, పరిశోధనాలయాలలో ఉన్న కంప్యూటర్లు రాత్రిళ్లు ఊరికే పడి ఉంటాయి. ఎవరి కంప్యూటరు వారిదిగానే ఉంచి, వాటన్నిటినీ ఒక ఒప్పందం మీద కలిపితే పెద్ద పెద్ద లెక్కలు చేయవచ్చు గదా అన్నారు. మన దేశంలో సి-డాక్ సంస్థ "గరుడ" అనే పేరుతో హైదరాబాదుతో సహా 17 నగరాల్లోని 45 సంస్థలను ఇలా కలిపింది. తరువాత 2006 నుంచి అమెజాన్ వంటి కంపెనీలు యంత్రాలను అద్దెకివ్వడం మొదలుపెట్టాక "క్లౌడ్" అనే పేరు వచ్చి "గ్రిడ్" అనే పేరును వెనక్కి నెట్టింది. పేరు మారినా చిక్కు మారలేదు. నేను చెప్పబోయేది ఆ చిక్కు గురించే.

కరెంటుకూ కంప్యూటరు లెక్కకూ ఒక పెద్ద తేడా ఉంది. యూనిట్ ఎక్కడిదైనా యూనిట్టే. లెక్క అలా కాదు. ఈ లెక్క పూర్తయితేనే ఆ లెక్క మొదలవుతుంది. దాని ఫలితం మరో ఊరి యంత్రానికి చేరాలి. అక్కడ దానికి తగిన ప్రోగ్రాము ఉండాలి. ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడిచే పనుల వరుసను వాళ్లు వర్క్‌ఫ్లో అంటారు. నేను "అంచెల పని" అంటాను. పూర్వం తపాలా అంచెల మీద వెళ్లేది గదా, ఒక రన్నరు మోసుకొచ్చిన సంచి ఇంకొకడు అందుకుని పరుగెత్తేవాడు. ఒక్క అంచెలో మనిషి లేకపోతే మిగతావాళ్లు ఎంత చురుగ్గా ఉన్నా ఉత్తరం ఆగిపోయేది.

బెల్లంకొండ వాళ్లకు దీన్ని వివరించడానికి అంత దూరం పోనక్కరలేదు. కృష్ణమ్మ ఉంది. శ్రీశైలం, సాగర్, మన పులిచింతల, ఆ కింద ప్రకాశం బ్యారేజి. పైన ఎంత వదిలారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మీదే కింది వాళ్ల గేట్లు ఆధారపడి ఉంటాయి. 2014 తరువాత రెండు రాష్ట్రాలు, ఒక బోర్డు కూడా వచ్చి చేరాయి. అన్నిటికీ కలిపి యజమాని ఒక్కడు లేడు. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ప్రకాశం బ్యారేజిలో ఏ లోపమూ లేదు. అయినా వచ్చిపడే నీటికి అక్కడివాళ్లు సిద్ధం కావలసివచ్చింది. ఇక్కడ నీటిమట్టం తగ్గించి, స్టాప్‌లాగ్ గేటు అమర్చితేగాని పని దారికి రాలేదు. ఒక అంచెలో వచ్చిన తేడా కింది అంచెల లెక్కలన్నిటినీ మార్చేస్తుంది.

ఫోస్టర్ గారే 2002లో ఒక చిన్న వ్యాసం రాసి, దేన్ని గ్రిడ్ అనవచ్చో మూడు పరీక్షలు పెట్టారు. ఒకటి, యంత్రాలన్నీ ఒకే యజమాని చేతిలో ఉండకూడదు. రెండు, అందరికీ తెరిచి ఉన్న ప్రమాణాల మీద నడవాలి. మూడోది, చెప్పుకోదగ్గ సేవా నాణ్యత అందించాలి. ఒకటీ మూడూ కలిపి చూడండి. ఎవరి అధికారమూ చెల్లని చోట నాణ్యత కావాలంటున్నాడాయన! మన ఆఫీసుల్లో నాణ్యత ఎలా వచ్చేది? పై అధికారి మెమో ఇచ్చేవాడు. మెమో ఇచ్చే అధికారి లేనిచోట ఎలా? ఇదీ అసలు ప్రశ్న.

నాణ్యత అంటే ఏమిటో ముందు చూద్దాం. వేగమొక్కటే కాదు. చెప్పిన వేళకు పని కావాలి. అనుకున్న ఖర్చులో కావాలి. ఫలితం సరైనదై ఉండాలి. అడిగినప్పుడు యంత్రం అందుబాటులో ఉండాలి. ఇతరుల కంట పడకూడని సమాచారం పడకూడదు. ఇవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. త్వరగా కావాలంటే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు తగ్గించాలంటే ఆలస్యమవుతుంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పనివ్వండి. మనలో లెక్కల మాస్టార్లు చాలామంది ఉన్నారు, తప్పుంటే సరిదిద్దుతారు. ఒక పనిలో అయిదు అంచెలున్నాయి. ప్రతి అంచె నూటికి 99 సార్లు సరిగా పనిచేస్తుంది. ఏ అంచె అధికారిని అడిగినా "మాది 99 శాతం సార్!" అంటాడు. అబద్ధం కాదు. కానీ అయిదూ వరుసగా సరిగా పనిచేసే అవకాశం 95 శాతమే. ఇరవై అంచెలైతే 82 శాతం దగ్గరికి దిగుతుంది. ప్రతివాడూ ఫస్టు క్లాసులో పాసైనట్లు రికార్డు చూపిస్తాడు, చివర నిలబడ్డ వినియోగదారుకు మాత్రం ఇరవై అంచెల పనిలో అయిదింట ఒకసారి ఖాళీ చేతులే. ఇందులో దొంగతనం లేదు, బద్ధకం లేదు, కేవలం గుణకారం ఉంది. అంచె అంచెకూ కొలిచిన నాణ్యత వేరు, ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచిన నాణ్యత వేరు. మొదటిదాన్ని అందరూ కొలుస్తారు. రెండోదాన్ని కొలవడానికి ఎవరికీ జీతం ఇవ్వరు.

ఇదే లెక్క తిరగేస్తే ఉపాయం కూడా కనిపిస్తుంది. నూటికి 95 సార్లే పనిచేసే యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, ఒకటి పోతే రెండోది అందుకునేలా చేస్తే, రెండూ ఒకేసారి పోయే అవకాశం నాలుగు వందలకు ఒకటి. అంటే 99.75 శాతం. మంచి యంత్రం ఒకటి కొనడం కంటే మామూలువి రెండు, వాటి మధ్య సరైన ఏర్పాటు మేలు. సబ్‌స్టేషన్లో రెండో ఫీడరు ఎందుకు లాగుతామో మా వాళ్లకు చెప్పనక్కరలేదు. అయితే ఆ రెండూ ఒకే స్తంభం మీద ఉంటే ఈ లెక్క చెల్లదు. అది కూడా మా వాళ్లకు తెలుసు.

ఇక యజమాని లేనిచోట నాణ్యత ఎలా వస్తుందన్న దానికి మా విద్యుత్ గ్రిడ్ అనుభవమే చెబుతాను. కంప్యూటరు వాళ్లకు ఇది పెద్ద పాఠమని నా నమ్మకం.

1990లలో దక్షిణాది గ్రిడ్ పరిస్థితి ఆ రోజుల్లో పనిచేసిన మాకు తెలుసు. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాలి. 48 దగ్గరికి దిగిపోవడం మామూలైపోయింది. ఫ్రీక్వెన్సీ అన్ని రాష్ట్రాలకూ ఒకటే. దాన్ని పాడుచేసేవాడు ఒక్కడైనా నష్టం అందరిదీ. ప్రతి రాష్ట్రమూ తన కోటా కంటే ఎక్కువ లాగేది. లోడ్ డెస్పాచ్ సెంటర్ల నుంచి ఫోన్లు చేసేవారు, ఉత్తరాలు రాసేవారు. ఎవరు వింటారు? కోత పెడితే మన ఊళ్లో జనం తిడతారు, పెట్టకపోతే పక్క రాష్ట్రం వాడు గొణుక్కుంటాడు, అంతే గదా!

2003 జనవరి 1 నుంచి దక్షిణాదిలో కొత్త పద్ధతి వచ్చింది. అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ అన్నారు. రోజును పావుగంట చొప్పున 96 భాగాలు చేశారు. ఏ భాగంలో ఎంత ఇస్తాం, ఎంత తీసుకుంటాం అన్నది ప్రతివారూ ముందురోజే చెప్పాలి. మీటరు ఆ లెక్క పావుగంటకొకసారి రాసిపెడుతుంది. చెప్పిన మాటకూ చేసిన పనికీ తేడా వస్తే దానికి ధర కట్టారు. ఆ ధర కూడా స్థిరం కాదు. ఫ్రీక్వెన్సీ పడిపోయిన వేళ ఎక్కువ లాగినవాడికి వాత పెట్టినట్టుండేది. అదే వేళ అదనంగా ఇచ్చినవాడికి లాభం. ఎవరూ ఎవరికీ మెమో ఇవ్వలేదు. కంట్రోలు రూములో కూర్చున్న షిఫ్టు ఇంజనీరు కన్ను ఫ్రీక్వెన్సీ మీటరు మీదే ఉండేది, అది చూస్తే ఆ పావుగంట ధర తెలిసిపోయేది. ఫ్రీక్వెన్సీ దారికి వచ్చింది. 2014 నుంచి అదే పద్ధతి డీవియేషన్ సెటిల్‌మెంట్ అనే పేరుతో, నిబంధనలు మారుతూ నడుస్తోంది.

ముందుగా మాట ఇవ్వడం, దాన్ని కొలవడం, తప్పితే ధర కట్టడం. అధికారి చేయలేని పని ఈ మూడూ చేశాయి.

కానీ ధర ఒక్కటే చాలదనడానికి కూడా మాకు సాక్ష్యం ఉంది. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్, మరునాడు ఉత్తరాదితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. అరవై కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. ధరకు వెరవక ఎక్కువ లాగిన రాష్ట్రాలున్నాయి. అప్పటికే కొన్ని లైన్లు సేవలో లేవు. అలాంటి వేళ బీనా–గ్వాలియర్ మధ్య 400 కేవీ లైను ట్రిప్ అయ్యేసరికి మిగతావి వరుసగా పడిపోయాయి. మన దక్షిణాది అప్పుడు గాజువాక, భద్రావతి వంటి చోట్ల డి.సి. లింకుల ద్వారానే మిగతా దేశంతో కలిసి ఉంది. ఆ వేరుపాటు వల్ల మనం బయటపడ్డాం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. కలవడంలో లాభం ఉంది, పక్కవాడి జబ్బు మనకు అంటే ప్రమాదమూ ఉంది. ఎక్కడ తెంపుకోవాలో తెలియని గ్రిడ్ గ్రిడ్ కాదని మా పాత ఇంజనీర్లు అనేవారు.

విచిత్రమేమిటంటే, అదే 2012 జూలైలో, 4వ తేదీన, కంప్యూటరు గ్రిడ్ తన ఘనత చాటుకుంది. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనాలయం ఉంది. హిగ్స్ బోసాన్ లక్షణాలున్న కొత్త కణాన్ని కనుగొన్నట్టు ఆ రోజు ప్రకటించారు. అక్కడి ప్రయోగాల్లో పుట్టే సమాచారాన్ని ఏ ఒక్క కంప్యూటరు కేంద్రమూ జీర్ణించుకోలేదు. 40కి పైగా దేశాల్లో సుమారు 170 కేంద్రాలు కలిసి ఆ లెక్కలు చేస్తున్నాయి. మన దేశం నుంచి ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం ఇందులో ఉన్నాయి. ఎవరి ప్రభుత్వం వారిది, ఎవరి డబ్బు వారిది. వాళ్లను కట్టి ఉంచేది ఒక అవగాహన పత్రం. ఏ శ్రేణి కేంద్రం సంవత్సరంలో ఎంత శాతం కాలం అందుబాటులో ఉండాలి, చెడిపోతే ఎన్ని గంటల్లో స్పందించాలి అన్నది అందులో అంకెలతో సహా రాసుకున్నారు. రెండో శ్రేణి కేంద్రాలకు 95 శాతం. అందుబాటు లెక్కలు అందరూ చూసేలా ప్రకటిస్తారు. అక్కడ జరిమానా పెద్దగా లేదు, నలుగురిలో మాట పడుతుందన్న భయం ఉంది. శాస్త్రజ్ఞుల్లో అది చాలు. వ్యాపారుల్లో చాలదని నా ఉద్దేశం.

మా అవైలబిలిటీ టారిఫ్ లాంటి ఆలోచనే కంప్యూటరు గ్రిడ్‌కు తెచ్చినవారిలో మన భారతీయుడు రాజ్‌కుమార్ బుయ్యా ఒకరు. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయంలో 2002లో ఆయన పరిశోధనకు అంశమే గ్రిడ్‌లో ధరల పద్ధతిన పనుల పంపకం. పని అప్పగించేవాడు రెండు సంగతులు చెబుతాడు: ఎప్పటికి కావాలి, ఎంత ఖర్చు పెట్టగలను. యంత్రాల యజమానులు తమ ధర చెబుతారు. మధ్యనున్న ప్రోగ్రాము, దాన్ని బ్రోకరు అంటారు, మన మార్కెట్ యార్డులో కమీషను ఏజెంటులాగా బేరం కుదురుస్తుంది. గడువు దగ్గరలో లేకపోతే చవక యంత్రం, దగ్గరపడితే ఖరీదైన యంత్రం.

అంచెల పనికి ఇది ఎలా వర్తిస్తుందో ఆయన బృందం మెల్బోర్న్‌లో 2005లో చూపింది. చివరి గడువును అంచెలకు పంచాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. అయిదు అంచెలు, వరుసగా 1, 4, 2, 1, 2 గంటలు పడతాయి. మొత్తం 10 గంటలు. మనకున్న గడువు 15 గంటలు. మిగులు 5 గంటలు. ఈ మిగులును చివర్లో పెట్టుకుంటే ఎవరికి వారు "ఇంకా వేళ ఉందిలే" అనుకుంటారు, పద్నాలుగో గంటకు గుండెలు బాదుకోవాలి. అలా కాకుండా ప్రతి అంచెకూ తన పనికి సగం చొప్పున మిగులు పంచితే, రెండో అంచె ఏడున్నర గంటలకల్లా పూర్తి కావాలి. కాలేదంటే అప్పుడే గంట మోగుతుంది. మిగిలిన మూడింటికీ వేగం గల యంత్రాలు చూసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. చేతిలో ఉన్న ఏడున్నర గంటల్లో అయిదు గంటల పని చేయించడం కష్టం కాదు. చివరి రోజు వచ్చి ఆలస్యమైందని చెప్పేవాడి వల్ల ఉపయోగం లేదు, మొదటి వారంలో ఆలస్యమవుతుందని చెప్పేవాడు కావాలి.

ఇంకా కొన్ని ఉపాయాలున్నాయి, త్వరగా చెప్పేస్తాను. పని మధ్యలో యంత్రం ఆగిపోతే మొదటినుంచీ మొదలుపెట్టకుండా, ఎంతవరకు అయిందో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవడం ఒకటి. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ అప్పగించినట్టు. ఒకే పనిని ఇద్దరికిచ్చి జవాబులు సరిచూసుకోవడం ఇంకొకటి. 1999లో అమెరికాలో మొదలైన సెటీ ఎట్ హోమ్ అనే ఏర్పాటులో లక్షల మంది తమ ఇంటి కంప్యూటర్లను గ్రహాంతర జీవుల సంకేతాలు వెదకడానికి ఇచ్చారు. ఎవరి యంత్రం సరైనదో, ఎవరు కావాలని తప్పుడు జవాబు పంపుతారో తెలియదు గనుక ఒకే ముక్కను ఒకరికంటే ఎక్కువ మందికి పంపి పోల్చుకునేవారు. 2020 మార్చిలో కొత్త పని పంపడం ఆపేశారు. గ్రహాంతర జీవి దొరకలేదు గానీ, నమ్మలేని యంత్రాల నుంచి నమ్మదగిన జవాబు రాబట్టే పద్ధతి దొరికింది.

మూడోది మన హైదరాబాదు నుంచి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత అక్కడి ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరు 15న సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. భూకంపం వచ్చాక ఏ తీరానికి ఎంత ఎత్తు అల ఎప్పుడు తగులుతుందో లెక్క కట్టాలి. ఆ లెక్క పెద్దది, వ్యవధి నిమిషాలే. అందుకని సముద్రంలో ఎక్కడెక్కడ ఎంతెంత భూకంపం వస్తే ఏమవుతుందో ముందుగానే లెక్కలు కట్టి భద్రపరిచారు. భూకంపం రాగానే దానికి దగ్గరి లెక్కను బయటికి తీస్తారు. తరువాత సముద్రంలోని పరికరాలు చెప్పేదానితో సరిచూస్తారు. నెమ్మదైన అంచెను హడావిడి వేళ నుంచి తీసి తీరిక వేళలోకి జరిపారన్నమాట. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇది. ఖర్చుతో కూడిన యంత్రాల కంటే ముందుచూపు ఎక్కువ పని చేసింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైంది. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది గ్రిడ్ కంప్యూటింగ్ కాదు. కానీ అంచెల పనే, అంచెకొక యజమానే. వేలిముద్ర పరికరం ఒకరిది. మధ్యలో నెట్‌వర్కు ఇంకొకరిది. వేలిముద్ర మీదేనా కాదా అని అవును, కాదు చెప్పేది ఆధార్ సంస్థ. సర్టిఫికెట్ తయారుచేసి ప్రమాణ్ ఐడీ నంబరు ఇచ్చేది జీవన్ ప్రమాణ్ సర్వరు. దాన్ని తీసుకుని మన పి.పి.ఓ. నంబరుతో జతచేసి పింఛను కొనసాగించేది బ్యాంకో, ట్రెజరీయో. అయిదు అంచెలు. ఇందాకటి గుణకారం గుర్తు చేసుకోండి.

ఇందులో మనవాళ్లు ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. ఫోనుకు సందేశం వస్తుంది, ప్రమాణ్ ఐడీ అని అంకెలుంటాయి. పని అయిపోయిందనుకుని ఇంటికి వస్తారు. ఆ సందేశం నాలుగో అంచె రసీదు. అయిదోది కాదు. పి.పి.ఓ. నంబరులో ఒక అంకె తేడా ఉన్నా, ఖాతా నంబరు పాతదైనా, పింఛను ఇచ్చే కార్యాలయం దాన్ని తిరస్కరించవచ్చు. ఆమోదించారా తిరస్కరించారా అన్నది ఆ వెబ్‌సైటులో ప్రమాణ్ ఐడీతో చూసుకోవచ్చు. చూసుకునే అలవాటు మనకు లేదు. మన సభ్యురాలొకరు, కుటుంబ పింఛను మీదే బతికే పెద్దావిడ, చేతిలో ఆ సందేశం పెట్టుకుని కూడా రెండు నెలలు పింఛను లేకుండా తిరిగారు. వేలిముద్ర కేంద్రం వాళ్లు మా పని అయిందన్నారు, నిజమే. కార్యాలయం వాళ్లు మాకు రాలేదన్నారు, అదీ నిజమే. ప్రతి అంచె నిజం చెప్పింది, ఆవిడకు మందులు మాత్రం రాలేదు. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అనవసరం. ఏ కార్యాలయంలోనైనా జరగగలది.

పోల్చడానికి డబ్బు బదిలీల సంగతి చూడండి. అదీ నాలుగైదు సంస్థల మీదుగా నడిచే పనే. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే అయిదు రోజుల్లో తిరిగి వేయాలి. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు అవతలివారికి చేరకపోతే మరునాటికల్లా వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయలు ఖాతాదారుకు, అడక్కుండానే ఇవ్వాలి. పింఛను విషయంలో కూడా, బ్యాంకుల ద్వారా పింఛను తీసుకునేవారికి జమ ఆలస్యమైతే ఏడాదికి 8 శాతం చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన రిజర్వు బ్యాంకు పెట్టింది. మీలో ఎంతమంది ఇది అడిగి తీసుకున్నారో చేతులెత్తమంటే బాగుండదు గనుక ఎత్తమనను. మాట ఉంది, గడువు ఉంది, తప్పితే ధర ఉంది. అందుకే అక్కడ పని నడుస్తుంది. మన లైఫ్ సర్టిఫికెట్ సందేశంలో చివరి అంచె ఎన్నాళ్లలో జవాబు చెబుతుందన్న తేదీ ఉండదు.

కాబట్టి సంఘానికి కొన్ని మనవులు. మొదటిది, పింఛను ఇచ్చే కార్యాలయం ఆమోదించిన వెంటనే పింఛనుదారుకు నేరుగా సందేశం రావాలని, తిరస్కరిస్తే కారణం అందులోనే ఉండాలని, ఇన్ని రోజుల్లో అన్న గడువు పెట్టాలని తీర్మానం చేసి పంపుదాం. మనం వేలిముద్ర వేగం పెంచమని అడగడం లేదు. చివరి కొస నుంచి రసీదు అడుగుతున్నాం.

రెండోది మన చేతిలో ఉన్న పని. సంఘ కార్యాలయంలో ఒక లాగ్‌బుక్ పెడదాం. సభ్యుని పేరు, ఇచ్చిన తేదీ, ప్రమాణ్ ఐడీ, ఆమోదం వచ్చిన తేదీ. చివరి గడి పది రోజులకు కూడా ఖాళీగా ఉంటే కుర్రవాళ్లెవరినైనా కూర్చోబెట్టి వెబ్‌సైటు చూపించి కార్యాలయానికి ఫోను చేద్దాం. ఆ లాగ్‌బుక్ రెండేళ్లు నడిస్తే ఎన్నింట ఎన్ని ఎక్కడ ఆగుతున్నాయో మన దగ్గర అంకెలుంటాయి. అంకెలతో వెళ్లినవాణ్ణి అధికారి కూర్చోమంటాడు.

మూడోది, రెండో ఫీడరు. పొలం పని చేసిన చేతులకు, అంట్లు తోమిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి వచ్చింది, మామూలు ఆండ్రాయిడ్ ఫోను చాలు. కనుపాప పరికరం ఉంది. కదలలేనివారికి తపాలా పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్టుమాన్ ఇంటికి వచ్చి చేసే సదుపాయం 2020 నుంచి ఉంది. కాగితం మీద ఇచ్చే పాత పద్ధతి కూడా పోలేదు. ఒక దారి మూసుకుంటే అక్కడే నిలబడి పదిసార్లు వేలు నొక్కడం మానుకోవాలి.

ఇక గడువు. కేంద్ర పింఛనుదారులకు నవంబరు నెల. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర పింఛనుదారులకు ట్రెజరీ వారు వేరుగా ప్రకటిస్తారు. ఏదైనా సరే, చివరి వారం దాకా ఆగకండి. చివరి రోజున అందరూ ఒకేసారి సర్వరు మీద పడితే, సాయంత్రం ఆరింటికి ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి వేసినట్టుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు ఏం చేస్తుందో మీకు తెలుసు.

తీర్మానం ముసాయిదా రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తున్నాను. ట్రెజరీలో పనిచేసి విరమించిన మిత్రులు దాన్ని ఒకసారి చూసి, చివరి అంచెకు ఎన్ని రోజుల గడువు అడగడం న్యాయమో చెప్పాలి. ఆ గడి ఖాళీగా ఉంచాను.